మెఱుగుపెట్టి పోగొట్టుకొన్న వెల

ఇచ్ఛాపురము మొదలుకొని భోగాపురము వఱకు సముద్రము నానుకొని సాగిన శ్రీకాకుళ, విజయనగర మండలములలో, ఒకప్పుడు జమీందారీ ఠాణాలుగా వెలసిన ఊళ్లయందు, పాత మేడల భోషాణములలోను కోటల ఆయుధశాలలలోను ఏడాది పొడవునా చీకటిలో పడియుండి, దసరానాడు మాత్రము వెలుపలికి వచ్చి పసుపు కుంకుమలు పూయించుకొని, కొబ్బరినీరు చిలకరించుకొని, మరల ఆ చీకటికే చేరుకొను ఇనుపవస్తువులు నేటికిని కొన్ని మిగిలియున్నవి. వానిలో కత్తులు, బల్లెములు, కటారులు ఎక్కువ; పొడుగుపాటి తుపాకులు కొన్ని; పిస్తోళ్లు మిక్కిలి తక్కువ. తక్కువ గనుకనే వానికి వెల హెచ్చు. అయితే ఆ వెలలో పెద్దపాలు పైపొరలోనే యున్నదనియు, ఆ పొర మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతుల మందమే యనియు, దానిని ఒక్కపూటలో గీకి పాఱవేయవచ్చును గాని ఎంత పనివాడైనను మరల తేలేడనియు ఎఱిగినవారు అరుదు.

ఈ సీమలో తుపాకి కథ పాతదే. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోటను ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు చీల్చుట, ఆ ఫ్రెంచివారికి తోడై నడచిన పూసపాటి పెదవిజయరామరాజు పిమ్మట తన గుడారముననే తాండ్ర పాపారాయుని చేత హతుడగుట, బుఱ్ఱకథలు చెప్పువారి పుణ్యమా యని పసిపిల్లలకును తెలిసిన సంగతులు. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కుంఫిణీ పరమైన పిదప, 1794 జూలై 10న పద్మనాభము వద్ద చినవిజయరామరాజు ఆ కుంఫిణీ సేన నెదిరించి నేలకొరగిన నాటికి, చెకుముకి పిస్తోలు గుఱ్ఱపురౌతు జీనుకు వ్రేలాడు సామాన్యాయుధమై యుండెను. ఆ మీదట యుద్ధములు సద్దుమణిగి, జమీందారులు పేష్కషు చెల్లించుచు దర్బారులు తీర్చు కాలము వచ్చినప్పుడు, లండను, బర్మింగుహాము నగరముల పనివారు చేసిన జంట పిస్తోళ్లు మఖమలు పఱచిన పెట్టెలలో కానుకలుగాను, కొనుగోళ్లుగాను తరలివచ్చినవి. 1878 నాటి ఆయుధ శాసనము సామాన్యుని చేతినుండి తుపాకిని లాగివేసి, బిరుదుగల కొందఱికి మాత్రము మినహాయింపు లిచ్చుటచేత, ఉన్న కొద్ది పిస్తోళ్లును పెద్ద లోగిళ్లలోనే నిలిచిపోయెను. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి జమీందారీలు పోయిన తరువాత, భూములతోపాటు సామగ్రియు చెదరినది. బొబ్బిలి కోటలోని రాచవారి మ్యూజియము వంటి చోట్ల చేరినవి చేరగా, తక్కినవి వారసుల వాటాలలోను, పాతసామాను వర్తకుల కొట్లలోను తేలినవి.

ఇట్లు తేలిన పిస్తోలునకు మొదటి గండము తుప్పుచేత కలుగదు. దానికి మంచి చేయదలచిన వానిచేత కలుగును. మన ఇండ్లలో చింతపండును ఇటుకపొడిని కలిపి ఇత్తడి బిందెను తోమి తళతళలాడించుట శుభ్రతకే గాదు, మర్యాదకును గుర్తు. శ్రీకాకుళము జిల్లాలోని బుడితి కంచరులు పోసిన కంచుపాత్రకు ఆ తోముడు అలంకారమే: చింతపండులోని ఆమ్లము చిలుమును కరిగించును, ఇటుకపొడి దానిని ఒరసివేయును, పాత్ర మందము వలన ఏ నష్టమును కానరాదు. అదే చేయి, అదే మర్యాదతో, నూటయేబది యేండ్ల పిస్తోలు మీదికి పోయినప్పుడు అనర్థము పుట్టుచున్నది. చేయి చాలనిచో పట్టణములో బఫింగ్ చక్రము గల మిస్త్రీ యుండనే యున్నాడు. స్టీలు గ్లాసులకు, మోటారు సైకిలు భాగములకు మెఱుగుపెట్టిన ఆ చక్రమే, మైనము కలిసిన గరుకుపొడి పూసికొని నిమిషమునకు వేలసార్లు తిరుగుచు, పిస్తోలునకు అద్దము వంటి మెఱుగు పెట్టి పంపును. యజమాని మురిసిపోవును. తెలిసిన కొనుగోలుదారు ఒక్కసారి చేతిలోనికి తీసికొని, ఏమియు మాటాడక బల్లమీద పెట్టివేయును.

ఏమి పోయినదని అతడు పెదవి విరిచెను? దీనికి సమాధానము ఉక్కు రసాయనములో నున్నది.

ఇనుము గాలిలో ఊరకుండదు. ఆమ్లజనితో కూడి ఏదో యొక రూపమున భస్మము కాజూచును. ఆ భస్మములలో రెండు తెగలను తుపాకి పనివారు బాగుగా ఎఱుగుదురు. మొదటిది నీటిని తనలో ఇముడ్చుకొన్న ఎఱ్ఱని తుప్పు. ఇది ఉబ్బి, బొరియలు పడి, పొడిపొడియై రాలుచు, తన క్రిందికి తేమను గాలిని పోనిచ్చి ఇనుమును లోలోపలికి తినివేయును. రెండవది నల్లని మాగ్నటైటు. ఇది ఇనుమును గట్టిగా అంటిపెట్టుకొని, నూనెను పట్టియుంచుకొని, ఎఱ్ఱతుప్పునకు కొంతవఱకు అడ్డుపడును. పాతకాలపు ఆయుధకారుని చాకచక్యమంతయు మొదటిదానిని మచ్చిక చేసికొనుటలోను, దానిని రెండవదానిగా మార్చుటలోను ఉండెను. అతడు గొట్టమును జిడ్డులేకుండ కడిగి, పలుచని ఆమ్లద్రవము పూసి, తేమగదిలో నుంచి, సన్నని తుప్పు పట్టనిచ్చును. మెత్తని తీగెకుంచెతో వదులుపొడిని దులిపి మరల పూయును. ఇట్లు దినముల తరబడి చేసిన గోధుమవన్నె గొట్టమునకు వచ్చును. ప్రతి పర్యాయమును గొట్టమును సలసల కాగు నీటిలో ముంచినచో ఎఱ్ఱతుప్పు నల్లని మాగ్నటైటుగా మాఱి, పొర మీద పొర కూడి, తుమ్మెద ఱెక్కల నీలిమ కలుగును. 

మరచీలలకు, మీటలకు, చిన్న స్ప్రింగులకు వేఱొక పద్ధతి గలదు. మెఱుగుపెట్టిన ఉక్కును మెల్లగా వేడిచేయగా, సుమారు 220 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డిపసుపు, 260 దాటిన పిదప గోధుమ, 280 వద్ద ఊదా, 300 సమీపించునప్పటికి మిరుమిట్లు గొలుపు నీలము దానిపై వరుసగా తోచును. అక్కడ ఏ రంగుద్రవ్యమును లేదు; మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటెను పలుచనైన ఆక్సైడు పొర పై అంచునుండియు అడుగునుండియు తిరిగివచ్చు కాంతికిరణములు ఒండొంటితో కలహించి కొన్ని వన్నెలను చంపివేసి కొన్నిటిని మిగుల్చుటచేత కలిగిన మాయ యది. ఇంత పలుచని పొర కొద్దిపాటి ఒరపిడికే పోవును. బఫింగ్ చక్రమునకు అది రెప్పపాటు పని.

మూడవ పద్ధతి మఱియు విచిత్రము. చెకుముకిరాతిని పట్టుకొని మోదు గుఱ్ఱమును, దాని నమర్చిన పక్కపలకను మెత్తని ఇనుముతో చేసి, ఎముకబొగ్గు, కట్టెబొగ్గు నిండిన పెట్టెలో పెట్టి ఎఱ్ఱగా కాల్చి, పైచర్మములోనికి కర్బనము చొచ్చిన పిదప నీటిలో ఆర్చుదురు. చర్మము గట్టిపడును, లోపలి భాగము మెత్తగానే యుండి పగులక నిలుచును. పైపైన నీలము, బూడిదరంగు, పసుపు, ఊదా మబ్బులు మబ్బులుగా వ్యాపించును. ఏ రెండు పలకల మీదను ఒకే మబ్బు పడదు. కావున మంచి పిస్తోలు ఒక్క వన్నెలో నుండదు. గొట్టము గోధుమయో నీలమో, పలక మబ్బువన్నె, మరచీలలు నిప్పునీలము, పిడికప్పు ఇత్తడియో వెండియో. మిస్త్రీ చేత మరల వన్నె పూయించుకొని వచ్చిన పిస్తోలు మాత్రము ఆపాదమస్తకము ఒకే నల్లటి నిగనిగతో నుండును. అతడు వాడునది ప్రాయికముగా 20వ శతాబ్దపు పద్ధతి: కాస్టిక్ సోడాను నైట్రేటు లవణములతో కలిపి సుమారు 140 డిగ్రీలకు కాచిన ద్రవములో నిముషముల మీద ముంచి తీయుట. కర్మాగారములో క్రొత్త తుపాకులకు అది మేలైన పద్ధతియే. కాని పాత జంటగొట్టముల నందులో ముంచినచో, రెండింటిని అతికిన సీసము, తగరముల అతుకును ఆ క్షారము తినివేసి, కొన్నాళ్లకు గొట్టములు విడిపోవును. రంగు కొఱకు పోగా అంగము పోయినట్లయినది.

ఇక ఆ పిస్తోలును భూతద్దము క్రింద నుంచి చూతము. కుంఫిణీ ఆశ్వికదళపు చెకుముకి పిస్తోలు అనుకొందము. 1808 ప్రాంతము నుండి చేసిన వాని పక్కపలకపై, వెనుకకాళ్లపై నిలిచి ముంగాళ్లతో కిరీటమును పట్టుకొనిన చిన్న సింహము ముద్ర యుండును. అంతకు పూర్వపు వానిపై కుంఫిణీ పేరి పొడియక్షరములు గల హృదయాకారపు ముద్ర యుండును. గొట్టము మొదట, మందు దట్టించి పేల్చి పరీక్షించినట్లు తెలుపు ముద్రలు రెండు. లండనులో ఈ పరీక్షాధికారము 1637లో రాజశాసనము పొందిన తుపాకి పనివారి సంఘమునది. బర్మింగుహామునకు 1813లో పార్లమెంటు చట్టముచేత సంక్రమించినది. సింహపు జూలులోని వెండ్రుకగీతలు, కిరీటపు ముత్యముల చుక్కలు, ముద్ర అంచున ఉక్కు కొంచెముగా పైకుబికిన గట్టు, ఇవి వ్రేలికి తగిలియు తగులని వస్తువులు. బఫింగ్ చక్రము ముందుగా ఆ గట్టును కొట్టివేయును; తరువాత జూలు మాయమగును; సింహము కుక్కపిల్లవలె మిగులును. చక్రము మెత్తని గుడ్డతో చేసినదగుటచే మిట్టను, పల్లమును ఏకరీతిగా ఒరయదు. రంధ్రముల అంచులను లోనికి లాగి గిన్నెలవలె దిగద్రొక్కును. కాబట్టియే అనుభవశాలి మొట్టమొదట మరచీలల చుట్టును చూచును. పలక సమతలముగా నుండి చీల తల దానితో సరిగా కూర్చుండినచో మేలు. చీల చుట్టును చిన్న గుంట యేర్పడి, ఎనిమిది పలకల గొట్టమునకు పదునైన అంచులు పోయి గుండ్రపు భుజములు వచ్చినచో, చక్రము అటువైపు నడచిన దన్నమాట. మఱి నల్లవన్నె క్రింద తుప్పు తిన్న గుంటలు కానవచ్చినచో సాక్ష్యము పూర్తియైనట్లే; గుంట ముందు పుట్టినది, వన్నె తరువాత వచ్చినది.

సైనిక పిస్తోళ్ల విషయమున ఇంకొక చమత్కారము గలదు. 18వ శతాబ్దపు బ్రిటిషు సైనికాయుధముల గొట్టములకు వన్నెయే లేదు. అవి తెల్లగా మెఱయుచుండెడివి. గోధుమవన్నె వారి సైన్యమున వాడుకకు వచ్చినది 19వ శతాబ్దపు తొలిపాదములో. ఆ తెల్లని మెఱుగును నిలుపుటకై సిపాయీలు చేసిన పని యేదనుకొన్నారు? మన వంటింటి ఇటుకపొడియే. నూనెతో కలిపి నిత్యము తోముట. సేవాకాలములోనే ఆ తోముడు ముద్రలను సగము అరగదీసిన ఆయుధము లెన్నియో యున్నవి. ఆ అరుగుదలను సేకర్తలు తప్పుపట్టరు. అది ఆయుధము బ్రతికిన బ్రతుకులోని భాగము. అట్టి పిస్తోలునకు నేటి మిస్త్రీ నీలవన్నె పూసినచో, అది పునరుద్ధరణ కానేరదు. ఎన్నడును లేని వేషము వేసినట్లగును.

ఎంత నేర్పుగా తీర్చిన నగిషీ అయినను బఫింగ్ చక్రము ముందు నిలువదనుటకు అమెరికా దేశపు కోల్ట్ నేవీ రివాల్వరు మంచి నిదర్శనము. 1851 నమూనాగా ప్రసిద్ధమైన ఈ రివాల్వరు తూటాచక్రము చుట్టును, 1843 మే 16న కంపెచి వద్ద టెక్సాసు ఓడలకు, మెక్సికో ఓడలకు జరిగిన నౌకాయుద్ధపు చిత్రమును ఒత్తుడుచక్రముతో అచ్చు వేసిరి. దీని నందఱు మెచ్చుకొనుటకు కారణ మా చిత్రమే. చెఱుపుట సులువగుటకును కారణ మదియే. తెరచాపలు, అలలు, పొగలు వెండ్రుకవాసి లోతున నున్న గీతలు. ఒరలో నుండి తీయుచు పెట్టుచు ఏండ్ల తరబడి వాడినందునను ఆ గీతలు కొంత అరగును. ఆ మిగిలిన చిత్రము శాతము ఎంత యన్నదే వెల కట్టువాని మొదటి ప్రశ్న. బఫింగ్ చక్రముపై పట్టిన దానికి ఆ ప్రశ్నయే లేదు.

ఇప్పుడు బజారు లెక్క చూతము. అమెరికాలోని నేషనల్ రైఫిల్ అసోసియేషను పురాతన తుపాకుల స్థితిని తూచుటకు ఏర్పఱచిన శ్రేణులను ప్రపంచమంతట వర్తకులు కొలబద్దగా వాడుచున్నారు. అందులో అన్ని భాగములును తొలినాటివై, తొలి వన్నె నూటికి 80 పాళ్లకు మించి నిలిచినది ఒక శ్రేణి. 30 పాళ్లకు మించినది దాని క్రిందిది. తొలి వన్నె 30 పాళ్లలోపు ఉన్నను, అసలు ఏమియు లేకున్నను, భాగములు తొలినాటివై, అక్షరములు చదువ వీలైనచో అది మూడవ శ్రేణి. తోమి శుభ్రపఱచినదియు, మరల నీలవన్నె పూసినదియు వచ్చునది ఆ మూడింటికి క్రిందనున్న శ్రేణిలో. అక్కడ దానికి తోడు అక్కడక్కడ తుప్పు తిన్న పిస్తోళ్లు, చిల్లరభాగములు మార్చిన పిస్తోళ్లు. అనగా వన్నె పూర్తిగా పోయి బూడిదరంగున నున్న ముసలి పిస్తోలు, నిన్ననే నిగనిగలాడుచు మిస్త్రీ యొద్దనుండి వచ్చిన దానికంటె ఒక మెట్టు పైన కూర్చుండును. మన వారికి ఇది విపరీతముగా తోచవచ్చును. నాకు మాత్రము ఇందులో న్యాయమే కానవచ్చుచున్నది.

ఏలయనగా పాతవస్తువును కొనువాడు ఇనుమును కొనుట లేదు. ఇనుము కావలెనన్న కిలోల లెక్కన దొరకును. 2002లో న్యూయార్కున జార్జి వాషింగ్టను జీనుపిస్తోళ్ల జత 19 లక్షల 86 వేల డాలర్లకును, 2024 జూలైలో ఫ్రాన్సున నెపోలియను పిస్తోళ్ల జత 16 లక్షల 90 వేల యూరోలకును, 2023 మే నెలలో లండనున టిప్పు సుల్తాను పడకగదిలోని ఖడ్గము కోటి 40 లక్షల పౌండ్లకును అమ్ముడైనవన్నచో, ఆ ధర మనిషిపేరుకు, ఆ పేరునకు వస్తువునకు గల సంబంధము నిజమన్న నమ్మకమునకు. ఆ నమ్మకము దేనిమీద నిలుచును? పనివాని పేరు, పరీక్షాముద్ర, సంవత్సరము, నగిషీ శైలి, భాగములన్నియు ఒకే ప్రాయపు ముసలితనముతో నుండుట, ఇవన్నియు పైపొరలోనే యున్నవి. పొరను ఒలిచివేసినవాడు వీనితోపాటు మోసమును పట్టుకొను సాధనమును గూడ ఒలిచివేసెను. పలక మార్చిరా, గొట్టము కోసిరా, పేరు క్రొత్తగా చెక్కిరా యను సందేహములకు మెఱుగుపెట్టిన పిస్తోలు ఉత్తరము చెప్పజాలదు. ఉత్తరము చెప్పజాలని దానికి కొనుగోలుదారు అనుమానపు ధరయే కట్టును. నిజాయితీ గల యజమాని సైతము ఆ అనుమానపు నష్టమును భరింపవలసినదే.

తెలుగుదేశపు ఉక్కు ప్రస్తావన లేక ఈ కథ సాగదు. నిజామాబాదు మండలములోని కోనసముద్రములో మూసలయందు కరగించి తీసిన ఉక్కు కొఱకు పారశీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి కూర్చుండెడివారని 19వ శతాబ్దపు తొలినాళ్లలో వాయిసీ యను నింగ్లీషువాడు చూచి వ్రాసినాడు. అట్టి ఉక్కుతో చేసిన కత్తివాదర మీద నీటియలల వంటి రేఖలు తోచును. అవి ఇనుములో కర్బనము కూడిన గట్టి రేణువులు వరుసలు తీరుటచేత కలిగినవి. ఆ వరుసలు లోహమంతట నున్నను, కంటికి కానవచ్చుటకు కారణము పనివాడు పలుచని ఆమ్లముతో ఉపరితలమును కొఱికించుటయే. మెఱుగుపెట్టగానే అలలు అదృశ్యమగును. కత్తి దుకాణములోని స్టీలుపట్టీ వలె నుండును. ఇనుపకడ్డీలను, ఉక్కుకడ్డీలను మెలివేసి చుట్టి అతికిన పిస్తోలుగొట్టములకును ఇదే గతి. గోధుమవన్నె వేసినప్పుడు ఇనుము ఒక ఛాయను, ఉక్కు వేఱొక ఛాయను పట్టి చుట్టల నమూనా ఏర్పడును. అలల విషయమున తెలిసినవాడు జాగ్రత్తగా మరల తేవచ్చును. కాని ఉక్కుపై గరుకుగీతలు గీచి బంగారు తీగెను కొట్టి అతికించిన పని యున్నచోట చక్రము తగిలినచో, బంగారము దుమ్మై ఎగిరిపోవును. దానికి మందు లేదు.

కొయ్యపిడి సంగతి క్లుప్తముగా చెప్పెదను. అక్రోటుకొయ్యకు అవిసెనూనె పట్టించి, చేతిపట్టునకు చదరపుగళ్లు కోసి, పనివారు దానిని లోహముతో వెండ్రుకైన దూరనంతగా కూర్చెదరు. ఉప్పుకాగితముతో రుద్దినప్పుడు కొయ్య తగ్గును, లోహము తగ్గదు. ఇత్తడి అంచు గట్టువలె పైకి నిలిచి రుద్దినవానిని పట్టియిచ్చును. దానిపై వార్నీషు పూసినచో ఆ అవమానము మఱింత మెఱయును.

అట్లయిన తుప్పును చూచుచు ఊరకుండవలెనా? ఊరకుండరాదు, మన తీరమున అసలే ఊరకుండరాదు. సముద్రపుగాలి మోసికొనివచ్చు ఉప్పులో క్లోరైడు గలదు. అది ఇనుముతో చేరిన చోట తేమను పీల్చి గుంటలోపల పుల్లని ద్రవమును నిలిపియుంచి, ఒకసారి మొదలైన తినివేతను దానంతటదే సాగునట్లు చేయును. చేతిచెమటలోను ఆ ఉప్పే యున్నది. పట్టుకొన్న వ్రేలిముద్ర నెలదినములలో ఎఱ్ఱగా అచ్చుపడుట అందుచేతనే. దసరానాటి కొబ్బరినీటిలో పొటాషియముతోపాటు క్లోరైడును గలదు. తడి కుంకుమ ఉక్కుపై ఆరినచోట మచ్చ తప్పదు. పూజ మానుమని నేనెవ్వరికిని చెప్పను. ఆయుధమును పెట్టెలో నుంచి పెట్టెకు బొట్టుపెట్టినచో అమ్మవారు కోపించునని తోచదు. ఇక గొట్టము లోపల పాత పేలుడు మిగిల్చిన మసి వేఱొక శత్రువు: నల్లమందు కాలగా మిగిలిన పొటాషియము లవణములు నీటిని పీల్చును, మందును అంటించు తొలినాటి పేలుడు టోపీలలోని క్లోరేటు పేలినప్పుడు మిగులునది సాక్షాత్తు పొటాషియము క్లోరైడు.

అందువలన గుర్తింపవలసినది బ్రతికిన తుప్పును, చచ్చిన తుప్పును. ముదురుగోధుమవన్నెతో, నున్నగా, వ్రేలికంటక, ఏండ్లతరబడి అట్లే యున్నది చచ్చినది. అది నేడు ఇనుమునకు కవచము, సేకర్తకు నిధి. నారింజవన్నెతో పొడియై వ్రేలికంటునది, లేక వానకాలమున చెమటబొట్లవలె చిన్నబొట్లు కక్కునది బ్రతికినది, దానినే ఆపవలెను. ఆపుటకు చక్రము అక్కఱలేదు. పలుచని నూనెలో తడిపి నాననిచ్చి, ఉక్కుకంటె మెత్తనైన వెదురుపుల్లతోనో ఇత్తడిసూదితోనో పైపొడిని తీయుట, మెత్తని నూలుగుడ్డతో ఒత్తి తుడుచుట, ఆపైన సూక్ష్మస్ఫటికపు మైనము పలుచగా పూయుట, ఇవి మ్యూజియముల వారి పద్ధతులు. అవసరమైన చోట వారు టానికామ్లమును వాడుదురు; అది తుప్పుతో కూడి నల్లనీలపు ఐరన్ టానేటుగా మాఱి కదలక కూర్చుండును. ఈ రసాయనము మనకు క్రొత్త గాదు. కరక్కాయ కషాయములో అన్నభేదిని కలిపి మన తాతలు సిరా కాచుకొన్నది ఈ కూడికతోనే; ఆ కరక్కాయలే నేటికిని మన ఏజెన్సీ కొండలనుండి 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ద్వారమున బజారునకు దిగుచున్నవి. అంతమాత్రమున ఇంటిలో కరక్కాయ మరగించి పిస్తోలునకు పోయుమని అర్థము గాదు. ఏది పూసినను రేపు తీయుటకు వీలుగా నుండవలెనన్నది సంరక్షకుల తొలి నియమము. ఐరన్ టానేటు తేలికగా తీయవచ్చునది కాదు, కావున అది నిపుణుని చేతిలోనే యుండవలెను.

మరల వన్నె పూయుట సర్వదా నిషిద్ధమా యనిన, కాదు. వెనుకటి మిస్త్రీ యెవడో అంతకుమునుపే సర్వనాశనము చేసిన పిస్తోలును, పోగొట్టుకొనుటకు ఇంకేమియు మిగులని దానిని, ఆ కాలపు పద్ధతిలోనే చేతి ఆకురాళ్లతో, బట్టచుట్టని చదునైన దిమ్మెలతో అంచులు చెడకుండ సరిచేసి, గోధుమవన్నెకు గోధుమవన్నె, మబ్బువన్నెకు మబ్బువన్నె వేయగలవారు ప్రపంచమున కొందఱున్నారు. వారి పని నెలల తరబడి సాగును, ధర పిస్తోలు ధరను మించుటయు కలదు. పని ముగిసిన తరువాత ఏ భాగమును ఏమి చేసిరో వ్రాసి, ఛాయాచిత్రములతో జతచేసి, అమ్మునప్పుడు కొనువానికి చూపవలెను. దాచిన పునరుద్ధరణ మోసము. చెప్పిన పునరుద్ధరణ గౌరవనీయమైన వృత్తి. అయినను తొలివన్నె నూటికి పదిపాళ్లు మిగిలిన పిస్తోలు ముందు అదియు రెండవదే.

చట్టము మాట ఒకటి మఱువరాదు. 1959 ఆయుధ చట్టము ప్రకారము తుపాకిని మరమ్మతు చేయుటకును లైసెన్సు కావలెను; కావున బఫింగ్ దుకాణమునకు పిస్తోలును పంపుట వస్తువునకే గాక యజమానికిని ముప్పు. పాతబడి, మరమ్మతు చేసినను పేల్చుటకు పనికిరాని పురాతనాయుధములను ఆ చట్టము కొంతవఱకు మినహాయించినది గాని, ఏది అట్టిదో నిర్ణయించుట యజమాని పని గాదు, అధికారులది. నూఱేండ్లు నిండిన కళావస్తువు లనేకములు 1972 నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చును. వానిని దేశము దాటింప రాదు.

కావున మీ పెద్దల పెట్టెలో ఇట్టి పిస్తోలు బయటపడినచో, ముందుగా అది నిండియున్నదేమోనని భయపడి గొట్టమును ఎవరివైపును త్రిప్పకుడు. నూఱేండ్ల మందుకును ప్రాణము పోదు. పోలీసువారికి తెలిపి కాగితములు సరిచేసికొనుడు. వట్టిచేతితో ముట్టక చేతితొడుగులు వేసికొని, నాలుగుదిక్కులనుండి ఛాయాచిత్రములు తీయుడు. ముద్రలను దగ్గఱగా తీయుడు. తోలు ఒరలో నుండిన తీసి విడిగా పెట్టుడు. తోలు తేమను, ఆమ్లమును పట్టియుంచును. పొడిగా నున్న చోట, గాలిలోని తేమ నూటికి 50 పాళ్లకు మించకుండ చూచుకొని భద్రపఱచుడు. హైదరాబాదు సాలార్ జంగు మ్యూజియములో రసాయనిక సంరక్షణశాల యున్నది. లక్నోలో 1976లో స్థాపించిన జాతీయ సాంస్కృతిక సంపద సంరక్షణ పరిశోధనశాల యున్నది. వారి నడిగిన పిదప ఏమి చేయవలెనో అది చేయుడు. అంతవఱకు చింతపండును వంటింటిలోనే యుండనిండు.